బడి గోడ మీద ఒంగోలు గిత్త: అనుమతి కాగితం నుంచి ఆఖరి పూత దాకా నా అనుభవం

అనుమతి కోసం కాగితం పెట్టింది ఆగస్టులో. రంగు డబ్బా మూత తీసింది ఫిబ్రవరిలో. ఈ మధ్యలో ఏం జరుగుతుందో ఎవరూ ముందుగా చెప్పరు. అందుకే హైస్కూలు పిల్లలతో గోడ బొమ్మ వేయించాలనుకునే డ్రాయింగ్ మాస్టార్ల కోసం జరిగింది జరిగిన వరసలో రాస్తున్నాను. మా బడి ఒంగోలుకు తూర్పున, సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఉంది. బోరు నీళ్లు ఉప్పన. ఈ ఉప్పు చివరిదాకా మమ్మల్ని వదల్లేదు.

ముందే ఒక మాట. పెయింటర్‌ని పిలిచి గీతలు గీయించి, లోపల పిల్లల చేత రంగు నింపించడం చాలా బళ్లలో చూస్తున్నాం. వారంలో అయిపోతుంది, ఫొటో బాగా వస్తుంది. పిల్లలకు మాత్రం బ్రష్షు పట్టుకున్న ముచ్చట తప్ప ఏమీ మిగలదు. చూసి గీయడం, కొలవడం, చిన్న బొమ్మను పెద్దది చేయడం, రంగు కలపడం: మన సబ్జెక్టులో నేర్పాల్సిన అసలు పాఠాలు ఇవి. వీటిలో సగానికి పైగా గోడ దగ్గరికి పోకముందే జరుగుతాయి. ఎంత ఆలస్యమైనా మొదటి గీత నుంచి పిల్లలదే కావాలని పట్టుబట్టాం. ఇప్పటికీ నా మాట అదే.

హెడ్మాస్టరు గారు నోటిమాటగా ఒప్పుకున్నది అడిగిన రోజే. కాగితం మీద సంతకం పడింది మాత్రం సెప్టెంబరు చివర్లో. ఉత్త దరఖాస్తు ఇస్తే అది ఫైల్లోనే ఉంటుంది. ఏ గోడ, ఎంత పొడవు, ఎంత ఎత్తు, ఏం బొమ్మ, డబ్బు ఎవరిది, పిల్లల దగ్గర ఎవరుంటారు, నిచ్చెన ఎవరు ఎక్కుతారు, ఇవన్నీ ఒకే పేజీలో రాసి, రంగులు వేసిన చిన్న నమూనా జత చేశాకే పాఠశాల కమిటీలో చర్చకు వచ్చింది. బొమ్మ విషయంలో తలా ఒక మాట వస్తుంది. నినాదాలు రాయమనేవాళ్లు, నాయకుల బొమ్మలు వేయమనేవాళ్లు ఉంటారు. ఒంగోలు గిత్త అనేసరికి మా ఊళ్లో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. పైగా ఇది దేశం దాటిన జాతి. బ్రెజిల్‌లో దీని సంతతిని నెల్లూరు పేరు మీదుగా ‘నెలోర్’ అంటారు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ ముక్క భలే నచ్చింది.

సంతకం కోసం చూస్తున్న రోజులను ఖాళీగా పోనివ్వకూడదు. మేం పిల్లల్ని దగ్గర్లో ఉన్న ఒక రైతు కొట్టం దగ్గరికి తీసుకెళ్లాం. చూడకుండా గీయమంటే పిల్లలంతా ఒకటే ఎద్దును గీస్తారు: పీపా లాంటి ఒళ్లు, నాలుగు కర్రల్లాంటి కాళ్లు, నెలవంక కొమ్ములు. అది ఎక్కడో పుస్తకంలో చూసిన ఎద్దు. ఒంగోలు గిత్త కొమ్ములు పొట్టివి, మొదట్లో లావుగా ఉండి బయటికీ వెనక్కీ తిరుగుతాయి. మూపురం నిటారుగా, రెండు పక్కలా నిండుగా ఉంటుంది. గంగడోలు మెడ కింద మడతలు మడతలుగా దిగి ముందుకాళ్ల మధ్యనుంచి వెనక్కి సాగుతుంది. కళ్ల చుట్టూ, ముట్టె మీద, గిట్టల దగ్గర, తోక కుచ్చులో నలుపు. పిల్లల కాగితాలు చూసి ఆ రైతు, "అయ్యోరూ, గంగడోలు లేకుండా ఒంగోలు గిత్త ఏందండీ" అన్నాడు. నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఆయన ఒక్క మాటకు ఎక్కింది.

పశువు నిలకడగా ఉండదు. అందుకని రెండు నిమిషాల గీతలతో మొదలుపెట్టాలి. రబ్బరు ఇవ్వకూడదు. ముందు మెడ నుంచి మూపురం మీదుగా తోక మొదలు దాకా పోయే పైగీత ఒక్కటే గీయించాం. తర్వాత కాళ్లను గీయమనలేదు, కాళ్ల మధ్య కనిపించే ఖాళీ ఆకారాలను గీయమన్నాం. ఇక్కడే పెద్ద తేడా వచ్చింది. కాలు ఎలా ఉంటుందో తెలుసనే నమ్మకంతో పిల్లలు చూడటం మానేస్తారు. ఖాళీ ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు కాబట్టి కళ్లు పెట్టి చూడక తప్పదు. ఆ సాయంత్రం కాగితాల మీద బరువు మోసే కాళ్లు కనిపించాయి. డ్రాయింగ్ టీచరుకు అంతకన్నా సంతోషం ఏముంటుంది.

ఒక్కరి బొమ్మే గోడకెక్కితే మిగతావాళ్ల ఉత్సాహం చస్తుంది. అందుకని మంచి గీతలన్నీ జిరాక్సు షాపులో ఒకే కొలతకు తగ్గించి లేదా పెంచి, కత్తిరించి, 20 అంగుళాల పొడవు, 5 అంగుళాల ఎత్తున్న కాగితం పట్టీ మీద అటూ ఇటూ జరుపుతూ అమర్చాం. ఎడమన ఆవూ దూడా, మధ్యలో బండ లాగే జోడీ, కుడి చివర ఒంటరిగా నిలబడ్డ గిత్త. గోడ మీద స్థలం 20 అడుగులు, 5 అడుగులు. అంటే అంగుళానికి అడుగు. లెక్కల మాస్టారు అదే వారంలో నిష్పత్తి పాఠానికి ఈ పట్టీని వాడుకున్నారు.

అక్టోబరులో వానలు మొదలయ్యాయి. ప్రకాశం, నెల్లూరు జిల్లాల కోస్తాలో అసలు వాన ఈశాన్య రుతుపవనాలదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బయటి గోడ ముట్టుకోవద్దు. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది. దాన్ని కనిపెట్టడం తేలిక. అడుగున్నర చదరం ప్లాస్టిక్ కవరు గోడకు పెట్టి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా మూసి ఒక రోజంతా ఉంచాలి. కవరు లోపలివైపు చెమట పడితే గోడ ఇంకా తడిగా ఉందని అర్థం. మేం గోడ పైన, మధ్యలో, కింద మూడు చోట్ల పెట్టాం. నవంబరులో మూడూ చెమట పట్టాయి. డిసెంబరు రెండో వారానికి కిందిది తప్ప రెండూ పొడిగా వచ్చాయి. ఎదురుచూసే ఆ రోజులు చాలా విసుగనిపించాయి. "సార్, ఎప్పుడు మొదలుపెడతాం" అని రోజూ అడిగేవాళ్లు. కవరు పెట్టడం, తీయడం, తేదీ వేసి రాయడం వాళ్లకే అప్పగించాక అడగడం మానేసి, వాళ్లే వచ్చి నాకు చెప్పడం మొదలుపెట్టారు.

కింది భాగం ఎందుకు ఆరదంటే, నేలలోని తడి ఇటుకల గుండా పైకి పాకుతుంది, ఉప్పును కూడా తీసుకొస్తుంది. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు గోడ మీద తెల్లగా పొంగుతుంది. దాని మీద ఏ రంగు వేసినా పొక్కుగా లేచి రాలిపోతుంది. ఆ ఉప్పును నీళ్లతో కడగకూడదు, కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, కొన్ని రోజులు ఆగి, మళ్లీ పొంగితే మళ్లీ దులపాలి. మా గోడకు అడుగున్నర ఎత్తు దాకా ఇది ఆగలేదు. ఆ భాగాన్ని బొమ్మలోంచి తీసేసి ఉత్త సున్నమే ఉంచాం. సున్నంలోంచి తడి బయటికి పోతుంది, ఎమల్షన్ (నీళ్లతో పలుచన చేసే గోడ రంగు) దాన్ని లోపల బంధిస్తుంది. వాన చినుకుల బురద పడేదీ అక్కడే కాబట్టి బొమ్మ అడుగున్నర పైనుంచి మొదలవడమే నయం.

నీళ్లు పైనుంచి కూడా వస్తాయి. డాబా నీళ్లు దిగే గొట్టం అతుకు దగ్గర నల్లటి చార ఉంటే, ముందు అతుకు బాగుచేయించాలి. ఆ తర్వాతే గోడ.

సున్నం పొరలు గీకడం పిల్లల పని కాదు. దుమ్ము కళ్లలో పడితే కాలుస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. పాత గోడల మీద కింద నీలం ఎనామిల్ (మెరిసే నూనె రంగు) పట్టీ ఉంటుంది చూడండి, అలాంటి పాత పెయింట్లలో సీసం ఉండవచ్చు. ఇళ్లకు అమ్మే రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు) మించకూడదనే నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన ఎనామిల్‌ను పొడిగా రుద్దనివ్వకండి. తడిపి రుద్దించాలి, అదీ పెద్దవాళ్ల చేత, పిల్లలు లేని రోజున. మేం పెయింటర్‌ని పెట్టి గీకించాం, పొడి అంతా గోనెసంచిలో ఎత్తించాం. సున్నం పూర్తిగా పోయిందో లేదో చూడటానికి సెల్లోటేపు అంటించి లాగితే చాలు. తెల్లగా వస్తే ఇంకా గీకాలి.

పగుళ్లకు సిమెంటు పూత పడింది. ఇక్కడ తాపీమేస్త్రి బోరు నీళ్లతో కలపబోతే ఆపి, తాగే నీళ్ల క్యాన్లు తెప్పించాం. ఉప్పు నీళ్లతో కలిపితే మనమే గోడలోకి చౌడు ఎక్కించినట్టు. రంగుకు ముందు వేసే తొలి పూత, ప్రైమర్‌లోనూ అవే మంచినీళ్లు. కొత్త సిమెంటుకు వారం రోజులు నీళ్లు కొట్టి, మొత్తం 28 రోజులు వదిలేయాలి. కొత్త సిమెంటులోని క్షారం రంగును తినేస్తుంది. డిసెంబరులో పూత, సంక్రాంతి సెలవులు, ఆ తర్వాత ప్రైమర్: లెక్క సరిగ్గా సరిపోయింది. లప్పం (గోడను నునుపు చేసే పుట్టీ) పెట్టలేదు. నున్నగా ఉంటుందని షాపువాళ్లు చెబుతారు, కానీ తడి భయమున్న గోడకు అది ఇంకో పొర, ఊడిపోవడానికి ఇంకో చోటు. కొంచెం గరుకుగా ఉన్న గోడే రంగును బాగా పట్టుకుంటుంది.

డబ్బాల దగ్గర జాగ్రత్త. మాకు ఒక షాపులో ఎక్స్‌టీరియర్ అని చెప్పి లోపలి గోడల రంగు ఇచ్చారు. డబ్బా మీద చదివితేగానీ తెలియలేదు, వెంటనే మార్చుకున్నాం. కవరేజీ కూడా డబ్బా మీద రాసినంత రాదు. గరుకు గోడ మీద ప్రైమర్ లీటరుకు 70, 80 చదరపు అడుగులు వస్తే గొప్ప.

ప్రైమర్ తర్వాత నేల రంగు, అంటే బొమ్మ వెనక గోడంతా పరిచే రంగు. తెల్ల గిత్తను తెల్ల గోడ మీద వేస్తే కనిపించదు. అందుకని తెలుపులో ఎల్లో ఆక్సైడ్, కొద్దిగా బర్న్ట్ సియెనా (ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు) కలిపి ఎండిన చేను లాంటి మట్టి రంగు రెండు పూతలు వేశాం. ఆ నేల మీద తెలుపు పెడితే వెలుగు, ముదురు పెడితే నీడ. పిల్లలకు వెలుగునీడలు చెప్పడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

గళ్లు కొట్టడం ఫిబ్రవరి మొదటి వారం. నేల నుంచి కొలిచి అడ్డగీత గీస్తే బొమ్మంతా వాలిపోతుంది, ఎందుకంటే బడి ఆవరణ ఎక్కడా సమంగా ఉండదు. మేస్త్రి దగ్గర నీళ్ల ట్యూబు అడిగి తెచ్చి రెండు చివర్లా మట్టం గుర్తు పెట్టుకున్నాం. నిలువు గీతలకు గుండు దారం. మూల సరిగ్గా ఉందా అని 3, 4, 5 అడుగుల త్రిభుజంతో చూసింది పిల్లలే. దారానికి తెల్ల సుద్దపొడి పూసి లాగి వదిలితే గీత పడుతుంది. బట్టల నీలిమందు మాత్రం వాడొద్దు, ఎమల్షన్ పూతల్లోంచి పైకి తేలుతుంది. పర్మనెంట్ మార్కరూ అంతే. అడుగు చదరం గళ్లు మొత్తం 100. పొడవుకు అంకెలు, ఎత్తుకు అక్షరాలు. తలలున్న చోట మాత్రం ఆరంగుళాల గళ్లు చేశాం.

గడిలో ఉన్నదాన్ని గడిలో గీయమంటే పక్క గడితో గీత కలవదు. ప్రతి జట్టుకూ ఇదే జరిగింది. బొమ్మ గీత గడి అంచును ఎక్కడెక్కడ దాటుతుందో ఆ చుక్కలు ముందు పెట్టించాలి, సగం దగ్గరా, పావు దగ్గరా అని కొలిచి. చుక్కలన్నీ పడ్డాక కలుపుకుంటూ పోతే గిత్త వచ్చేస్తుంది. ముందు సుద్ద, తర్వాత బొగ్గు, ఖాయమయ్యాక పలుచటి బర్న్ట్ సియెనాతో సన్నగీత. ప్రతి పది నిమిషాలకూ అందరినీ పదిహేను అడుగులు వెనక్కి రప్పించాలి. దగ్గర నిలబడి తలెత్తి గీస్తే పై భాగం సాగిపోతుంది. మా జోడీలో ఒకదాని మూపురం అలాగే గోపురమంత ఎత్తు లేచింది. దూరం నుంచి చూసిన పిల్లలే పరుగెత్తుకెళ్లి చెరిపారు.

రంగు కలపడం దగ్గర తొందర పడకుండా మనసు పెట్టాలి. 50, 100 మిల్లీలీటర్ల స్టెయినర్ (తెలుపులో కలిపే గాఢమైన రంగు) సీసాలు చవక, తెల్ల ఎమల్షన్‌లో కలుపుకోవచ్చు. కానీ లీటరుకు 40 మిల్లీలీటర్లు దాటితే రంగు సరిగా ఆరదు, జిగురుగా ఉండి వానకు కారుతుంది. అందుకే ముదురు రంగులు స్టెయినర్‌తో రావు. ముదురు ఎరుపు, నలుపు షాపులో మెషీను మీద చేయించుకోవాలి. ఎల్లో ఆక్సైడ్, రెడ్ ఆక్సైడ్ ఇనుము నుంచి వచ్చేవి, ఎండకు ఏళ్ల తరబడి నిలుస్తాయి. మెరిసే ఫాస్ట్ ఎల్లో, ఫాస్ట్ రెడ్ బయటి గోడ మీద త్వరగా వెలిసిపోతాయి. నీలం, ఆకుపచ్చ నిలుస్తాయి, కానీ వాటి బలం ఎక్కువ, ఒక్క చుక్క ఎక్కువైతే డబ్బా అంతా నీలమే. మెడికల్ షాపులో సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజీలు కొని కొలతలు వాటితోనే తీశాం.

తెల్ల గిత్తకు నీడ అంటే పిల్లల చెయ్యి నలుపు సీసా మీదికే పోతుంది. తెలుపులో నలుపు కలిస్తే సిమెంటు రంగు వస్తుంది, గిత్త విగ్రహమైపోతుంది. పసుపులో నలుపు కలిపిన జట్టుకు ఆకుపచ్చ వచ్చింది, నమ్మలేక మళ్లీ మళ్లీ కలిపి చూశారు. కలపనివ్వండి, అది పాఠమే. మాకు నిలబడిన నీడ: అర లీటరు తెలుపులో సుమారు 4 మిల్లీలీటర్ల బర్న్ట్ సియెనా, ఒక మిల్లీలీటరు ఫాస్ట్ బ్లూ. వెచ్చటి బూడిద రంగు. కంపెనీని బట్టి బలం మారుతుంది కాబట్టి అట్టముక్క మీద పూసి ఆరనిచ్చి చూసుకోవాలి. ఆరాక ఎమల్షన్ ఒక మెట్టు ముదురుతుంది, తడిగా సరిపోయిందనుకున్నది గోడ మీద మసకబారుతుంది. మగదానికి మెడ మీద, మూపురం మీద నిజంగానే బూడిద రంగు వెంట్రుకలుంటాయి, అక్కడ ఇంకో మెట్టు ముదురు. అచ్చమైన తెలుపు వీపు అంచుకూ, మూపురం కొనకూ మాత్రమే. పొట్ట కింద నేల ఎరుపు తగిలి ఉంటుందని కొట్టంలో ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి కాగితం పక్కన రాసుకుంది. ఆ ఒక్క ఎరుపు పూత వేశాక గిత్త నేల మీద నిలబడింది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంత అని చెప్పలేను.

కలిపిన రంగు మధ్యలో అయిపోతే మళ్లీ అదే రాదు. రెండు పూతలకు సరిపడా ఒకేసారి కలిపి, పెరుగు డబ్బాల్లో పోసి, మూత మీద రంగు మరక వేసి, పాళ్లు రాసి పెట్టాలి.

20 అడుగుల గోడ దగ్గర ఒకేసారి ఎనిమిది మందికి మించి వద్దు. మిగతావాళ్లు రంగు కలపడం, బ్రష్షులు కడగడం, దూరం నుంచి చూసి చెప్పడం, వంతుల మీద. పై వరసకు బెంచీ చాలు. నిచ్చెన మీద పిల్లలెవరినీ ఎక్కించలేదు. వాటర్‌కలర్ గుండ్రటి బ్రష్షులు గరుకు గోడ మీద ఒక్క పూటలో పోతాయి. అంగుళం, రెండంగుళాల పట్టీ బ్రష్షులు, అంచులకు 6, 8, 10 నంబర్ల హాగ్‌హెయిర్ (పంది వెంట్రుకల) ఫ్లాట్ బ్రష్షులు కొనండి. తూర్పు ముఖం గోడ కాబట్టి మధ్యాహ్నం నీడ వచ్చాకే పని. ఎండ తగిలే గోడ మీద రంగు బ్రష్షు కిందే ఆరిపోయి అతుకుల చారలు పడతాయి. మార్చి ఎండలు ముదిరేలోపు, ఒంటిపూట బడులు మొదలయ్యేలోపు ముగించాలి.

అంచుకు నెల్లూరు జిల్లా డి.సి. పల్లి తోలుబొమ్మల నగల్లో కనిపించే చిల్లుల వరసలు పెడదామన్నది పిల్లల ఆలోచన. పాత ఎక్స్‌రే ఫిల్ములు వేడి నీళ్లలో నానబెట్టి గీకి, నాలుగంగుళాల స్టెన్సిళ్లు కోశాం. స్పాంజిని రంగులో ముంచి, కాగితం మీద దాదాపు పొడయ్యేదాకా అద్ది, అప్పుడు గోడ మీద తట్టాలి. తడి స్పాంజితో తడితే రంగు ఫిల్ము కిందికి పాకి చుక్కలన్నీ కలిసిపోతాయి.

ఖర్చు: గీకిన కూలి 1,800 రూపాయలు, సిమెంటు పని 1,100, ప్రైమర్ 900, తెల్ల ఎమల్షన్ నాలుగు లీటర్లు 1,300, మెషీను రంగులు ఐదు లీటర్లు 2,000, స్టెయినర్లు 650, బ్రష్షులు 900, చిల్లర మల్లర 500. మొత్తం తొమ్మిది వేల చిల్లర. సగం కమిటీ, సగం పూర్వ విద్యార్థులు ఇచ్చారు. అందులో మూడోవంతు రంగుకు ముందే గోడకు పోతుందని డబ్బు అడిగేటప్పుడే చెప్పండి. లేకపోతే "ఇంకా బొమ్మే మొదలుకాలేదు, డబ్బులేమయ్యాయి" అనే ప్రశ్న వస్తుంది.

పైన వార్నిష్ కొట్టమని చాలామంది చెప్పారు, కొట్టలేదు. ఆయిల్ వార్నిష్ ఎండకు పసుపెక్కుతుంది, తెల్ల గిత్త పచ్చగిత్త అవుతుంది. ఎక్స్‌టీరియర్ ఎమల్షన్‌కు పైపూత అక్కర్లేదు. పూర్తయ్యాక నాలుగు వారాల దాకా తడి గుడ్డతో తుడవకూడదు, రంగు గట్టిపడాలి. ఆ తర్వాత బంతి మరకలు సబ్బు నీళ్ల గుడ్డతో పోతాయి. మిగిలిన రంగులు గాలి చొరకుండా మూతపెట్టి, పాళ్లు రాసిన కాగితంతో సహా బీరువాలో పెట్టాం. వచ్చే డిసెంబరులో వానలు వెలిశాక గోడకు మళ్లీ ప్లాస్టిక్ కవరు పరీక్ష పెట్టి, పొక్కులున్న చోట గీకి సరిచేసే పని ఇప్పటి ఎనిమిదో తరగతి వాళ్లది.